మంగళవారం కడిగిన ట్యూబులు

గాజుసామాను కడిగే గది. శుక్రవారం ఉదయం పదిన్నర. ఒకరు పక్క ల్యాబులో సైంటిస్టు. ఇంకొకరు ఈ గదిలో ట్యూబులు కడిగే ఆవిడ, అందరికీ పిన్ని.

"నేనేం చేయలేదు మేడమ్. రోజూ ఏం చేస్తానో అదే చేశా."

"తప్పు చేశావని నేనన్లేదు పిన్నీ. మంగళవారం ఏం చేశావని అడుగుతున్నా, అంతే."

"మంగళవారం నేను రాలేదేమో."

"వచ్చావు. రిజిస్టర్లో సంతకం ఉంది. తొమ్మిదీ పదికి."

"సంతకం ఉంటే వచ్చే ఉంటా."

"వచ్చి ఏం చేశావు?"

"కడిగా."

"ఎలా కడిగావు?"

"ఎలా ఏంటి, కడిగినట్టే కడిగా. మీరలా పోలీసుల్లా నెత్తిమీద నిలబడి అడుగుతుంటే నాకు నోరు తడారిపోతోంది. ముందు ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. అది కాదు, దాని కాలు ఊడింది. ఇది."

"కూర్చున్నా. చెప్పు."

"ఎవరికైనా ఏమైనా అయిందా? ఆ మందులూ అవీ తగిలి?"

"ఎవరికీ ఏం కాలేదు. మంచే జరిగింది. చాలా మంచి."

"మంచి జరిగితే నన్నెందుకు వెతుక్కుంటూ వస్తారు? నేను చేరి పదకొండు నెలలైంది. మీరు ఈ గదిలో కాలు పెట్టడం ఇదే మొదలు."

"ఈ సీసా చూడు. ఏం రంగు?"

"వంకాయ రంగు."

"మంగళవారం సాయంత్రం వచ్చింది. ఈ రంగు కోసం పదకొండు నెలల నుంచి చస్తున్నా."

"రంగు కోసమా? ఆ మాట నాతో అంటే బజార్లో..."

"బజార్లో దొరికే రంగు కాదు. మాకు డబ్బాల్లో ఒక పొడి వస్తుంది చూడు, నల్లగా, మసిలాగా."

"తెలుసు. ఓసారి ఒలికితే మూడు రోజులు గోళ్ళలోంచి పోలేదు."

"అదే. అందులో ఉండేవి నానోట్యూబులు. బొగ్గుతో చేసిన గొట్టాలనుకో, కంటికి ఆననంత సన్నవి. ఒక రకం కాదు, ముప్ఫై రకాలు కలిసి ఉంటాయి. చాప చుడతాం కదా. ఒకటి తిన్నగా చుట్టినట్టుంటుంది, ఒకటి ఏటవాలుగా, ఒకటి ఇంకాస్త ఏటవాలుగా. చుట్టిన తీరును బట్టి ఒక్కోదానికి ఒక్కో గుణం, ఒక్కో రంగు. కలిసుంటే నలుపు. విడదీస్తే ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి ఇదిగో, వంకాయ రంగు."

"విడదీసేదెవరు?"

"నేనే."

"కంటికి ఆనవన్నారుగా."

"చేత్తో ఏరను పిన్నీ. ఒకే గాజు ట్యూబులో రెండు రకాల నీళ్ళు పోస్తా. అవి కలవవు. ఒకటి పైన తేలుతుంది, ఒకటి కింద ఉంటుంది."

"నూనే, నీళ్ళూ లాగా."

"అలాగే, కాకపోతే రెండూ నీళ్ళే. అందులో ఈ మసి కలిపి, రెండు రకాల సబ్బు చుక్కచుక్కగా వేస్తా. మేం సర్ఫాక్టెంట్ అంటాం, నువ్వు సబ్బనుకో. ఒక సబ్బు గొట్టాలను పట్టుకుని కింద కూర్చోబెడుతుంది. ఇంకోటి పైకి లాగుతుంది. లెక్క కుదిరిందా, ఒక్క రకమే పైకొస్తుంది, మిగతావన్నీ కిందే ఉంటాయి. ఒక్క చుక్క ఎక్కువైందా, అన్నీ పైకి ఎగబడతాయి. తక్కువైందా, ఒక్కటీ కదలదు."

"బస్సెక్కే జనంలా ఉంది వ్యవహారం. అదేం సబ్బు?"

"ఒకటి షాంపూల్లో వాడేలాంటిదే. రెండోది పశువుల పిత్తం నుంచి తీసే ఉప్పు."

"పిత్తమా? ఇన్ని చదువులు చదివి చివరికి పిత్తం కలుపుతున్నారా రోజూ? అందుకేనేమో ఆ ల్యాబులో అందరికీ అంత పైత్యం."

"పిన్నీ, నాకు టైం లేదు. మంగళవారం ఒక్క రకమే పైకొచ్చింది. బుధవారం మళ్ళీ చేశా. బురద. నిన్న రెండుసార్లు చేశా. బురద. ఇవాళ ఆరింటికే వచ్చి చేశా."

"బురదా?"

"బురద."

"చెయ్యి అటూ ఇటూ అయిందేమో."

"చెయ్యి అదే. సీసాలు అవే. నీళ్ళు అవే, గది చల్లదనం అదే, తిప్పే మిషను అదే. ఎందుకైనా మంచిదని మంగళవారం వేసుకున్న బట్టలే బుధవారం కూడా వేసుకున్నా."

"ఉతక్కుండానా?"

"ఉతక్కుండానే."

"ఛీ. చదువుకున్నవాళ్ళు చేసే పనేనా అది?"

"అన్నీ అవే పిన్నీ. మిగిలింది ఒక్కటే. మంగళవారం పొద్దున్న నువ్వు కడిగి పంపిన ట్యూబులు. అందుకే అడుగుతున్నా, ఆ రోజు వాటికి ఏం చేశావు?"

"కొత్త ట్యూబులు తీసుకుని చేసుకోవచ్చుగా? మధ్యలో నన్నెందుకు లాగుతారు?"

"స్టోర్సులో అడిగా. పగిలిన ముక్కలు తెచ్చిస్తే ఒకటికి ఒకటి ఇస్తామన్నారు. నువ్వేమో పగలగొట్టవు."

"అదీ నా తప్పేనా?"

"పోనీ నేనే నాలుగు పగలగొట్టి పట్టుకెళ్దామంటే, ఎందుకు పగిలిందో రాసి ముగ్గురితో సంతకాలు పెట్టించాలట. ఇవాళ సాయంత్రం నాలుగు గంటలకి, మా పనికి డబ్బులిచ్చే పెద్దవాళ్ళు ఆరుగురు వస్తున్నారు. వాళ్ళ కళ్ళముందు ఈ రంగు రప్పించి చూపించాలి. వస్తే మా విభాగం ఉంటుంది. రాకపోతే సోమవారం నుంచి ఉండదు."

"మీ విభాగం లేకపోతే ఈ గది?"

"ట్యూబుల్లో సగం మావే కదా. కడగడానికి ఇంకో మనిషి ఎందుకంటారు."

"నా కాంట్రాక్టు కాగితం ఈ నెలాఖరుతో ఐపోతోంది మేడమ్. ఈసారైనా పర్మనెంట్ చేస్తారేమోనని ఎదురుచూస్తున్నా."

"ఈ ఒక్కటి కుదరనీ. నీవల్లే వచ్చిందని నేనే చెప్తా."

"మంగళవారం వచ్చింది నావల్ల అంటారు. బానే ఉంది. మరి మిగతా రోజులు రాకపోవడం ఎవరివల్ల?"

"అది నా ఖర్మ. దానికీ నీకూ ఏం సంబంధం?"

"ఏం సంబంధం లేదంటారా?"

"లేదు."

"ఆ మాట రాసిస్తారా?"

"ఏంటి?"

"ఏం లేదు. ఐదు ల్యాబులు మేడమ్ నాకు. రోజుకి మూడొందల ట్యూబులు, మధ్యాహ్నం లోపల ఇచ్చెయ్యాలి. ఏ రోజు ఏం చేశానో ఎక్కడ గుర్తుంటుంది?"

"గుర్తు తెచ్చుకో. ఏదో ఒకటి మారింది. చిన్నదైనా సరే. తప్పైనా సరే. నేనేం అనుకోను."

"షాంపూ."

"ఏమన్నావు?"

"ఆ రోజు సబ్బు ఐపోయింది. సంచిలో షాంపూ పొట్లం ఉంటే దాంతో కడిగా. చెప్పేశా, ఇక వదిలెయ్యండి."

"షాంపూతోనా? పిన్నీ, నీ చేతులిటియ్యి."

"ఎందుకు, కొడతారా?"

"కళ్ళకద్దుకుంటా. ఏ షాంపూ?"

"పొట్లం షాంపూ."

"ఏ రంగు పొట్లం?"

"నీలం. కాదు, ఆకుపచ్చ."

"నీలమా, ఆకుపచ్చా?"

"ఏదైతే మంచిది?"

"మంచీ చెడూ కాదు పిన్నీ, నిజం కావాలి."

"నిజమైతే నీలమే."

"ఎన్ని పొట్లాలు?"

"ఒకటిన్నర."

"మిగతా సగం?"

"ఇంటికెళ్ళి తలకి పెట్టుకున్నా. జుట్టు చూడండి."

"జుట్టు తర్వాత చూస్తా. కడిగాక ఎన్ని నీళ్ళు పోశావు?"

"షాంపూకి ఎన్ని పోస్తారు?"

"నువ్వెన్ని పోశావు?"

"రెండు."

"రెండే నీళ్ళు. అంటే లోపల పల్చగా ఒక పొర మిగిలిపోయి ఉంటుంది. ఆ పొరే లెక్క సరిచేసింది. పదకొండు నెలలు పుస్తకాలన్నీ తిరగేశానే, ఒక్కడూ రాయలేదీ మాట. ఎక్కడ దొరుకుతాయి నీలం పొట్లాలు?"

"గేటు ఎదురు కొట్లో. మేడమ్, చెప్పులు వేసుకోండి మేడమ్."


అదే గది. మధ్యాహ్నం పన్నెండున్నర.

"బురద."

"నీలమే తెచ్చారా?"

"ఇరవై తెచ్చా. నీలం, ఆకుపచ్చ, నిమ్మకాయ బొమ్మది. నువ్వు చెప్పినట్టే నా చేత్తో కడిగి, రెండే నీళ్ళు పోశా. ట్యూబు నిండా నురుగు. అవి పైకీ రాలేదు, కిందకీ పోలేదు. మధ్యలో వేలాడుతున్నాయి."

"మెత్తబడ్డాయా పోనీ?"

"పిన్నీ."

"ఊరికే అన్నాలెండి."

"ఒకటిన్నర పొట్లమేనా? సరిగ్గా చెప్పు."

"ఒకటీ ముప్పావు అనుకోండి."

"అనుకోవడమేంటి?"

"డాక్టర్, మీరిక్కడున్నారా? పైనంతా వెతుకుతున్నాను."

"సార్, నేనే పైకి వద్దామనుకుంటున్నా."

"మన డైరెక్టరు గారే వచ్చారు. మేడమ్, నేను బయటుంటా."

"కూర్చో పిన్నీ, నువ్వెక్కడికి?"

"డాక్టర్, వాళ్ళతో ఇప్పుడే ఫోన్లో మాట్లాడాను. మన పద్ధతిలో ఒక ప్రత్యేకమైన దశ ఉంది, ఫోన్లో చెప్పడం కుదరదు అన్నాను. చాలా ఆసక్తి చూపించారు. ఇంతకీ ఏమిటా దశ?"

"అదే కనుక్కుంటున్నా సార్."

"కనుక్కోవడమేమిటి? మనదే కదా."

"మనదే సార్. అంటే, పిన్నిది."

"ఈమెదా? ఏమ్మా, పదకొండు నెలల్లో ఒక్క ట్యూబు కూడా పగలగొట్టలేదని ప్రశంసాపత్రం ఇచ్చింది నీకే కదా?"

"నాకే సార్. అదిగో, గోడకి తగిలించుకున్నా."

"నీకు ముందున్నావిడ వారానికి ఐదు పగలగొట్టేది. ఎప్పుడు చూసినా బరబరా తోముతూ ఉండేది. గాజును ఎలా పట్టుకోవాలో నిన్ను చూసి నేర్చుకోవాలి."

"పెద్దగా పట్టుకోను సార్."

"సార్, మంగళవారం మాత్రం రెండు పగిలాయి. ఇందాకే రిజిస్టర్లో చూశా."

"మంగళవారమా? ఆ రంగు వచ్చిన రోజే. ఎందుకు పగిలాయమ్మా?"

"చెయ్యి జారింది సార్."

"పదకొండు నెలలు జారని చెయ్యి ఆ రోజే ఎందుకు జారింది?"

"కోపంలో ఉన్నా సార్."

"పిన్నీ, ఇందాక ఈ మాట చెప్పలేదే."

"కోపం కూడా చెప్పాలా మేడమ్?"

"అన్నీ చెప్పాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? ఎవరిమీద కోపం?"

"మా తోటికోడలి మీద."

"ఏమంది?"

"అది ఇంటి విషయం. వదిలెయ్యండి."

"నువ్వేమన్నావు?"

"నేనా? చాలా అన్నా."

"ట్యూబులు కడుగుతూనే అన్నావా?"

"ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి. కడగడం ఆపితే మధ్యాహ్నానికి ఇవ్వలేనుగా."

"ఎంతసేపు?"

"నా ఫోన్లో బ్యాలెన్సు ఐపోయేదాకా. పావుగంట."

"డాక్టర్, ఒక్క నిమిషం. ఆ మసి ఉండలు కట్టకుండా మనం మొదట దేనితో విడగొడతాం?"

"శబ్దంతో సార్. సోనికేటర్లో పెట్టి."

"శబ్దం. విన్నారా? మీ నోటితోనే అన్నారు."

"సార్, అది సెకనుకి ఇరవై వేలసార్లు అదురుతుంది. పిన్ని గొంతు..."

"ఈవిడ కోపంలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు అదురుతుందో కొలిచారా?"

"లేదు సార్."

"కొలవనిదాన్ని కాదనకూడదు డాక్టర్. మీకు నేను చెప్పాలా? అమ్మగారూ, ఆ రోజు అన్న మాటలు గుర్తున్నాయా?"

"ఒక్కటీ మర్చిపోలేదు సార్."

"అయితే ఇప్పుడు మళ్ళీ అనండి."

"ఎవర్ని?"

"ట్యూబుల్ని."

"అవి నన్నేం చేశాయి సార్?"

"మీ తోటికోడలనుకోండి."

"ఆవిడ ఇంత సన్నగా ఉండదు."

"పిన్నీ, దండం పెడతా. మూడున్నర గంటలే ఉంది."

"ఎదుటివాళ్ళు మాట్లాడకుండా ఎలా తిడతా మేడమ్? గోడని తిట్టినట్టుంటుంది. అటునుంచి ఒక మాట రావాలి, దానికి నాకు మండాలి."

"నిజమే. డాక్టర్, మీరు తోటికోడలుగా ఉండండి."

"సార్."

"నాలుగింటికి వాళ్ళొస్తారు డాక్టర్."

"ఏంటక్కా నీ గోల?"

"అంత మెత్తగా అంటే నాకు కోపం ఎక్కడొస్తుందమ్మా? నడుమ్మీద చెయ్యి పెట్టండి. ఆ చెయ్యి కాదు. మూతి కాస్త పక్కకి తిప్పండి. ఆఁ, ఇప్పుడనండి."

"ఏంటక్కా నీ గోల?"

"నాదా గోల? నట్టింట్లో కూర్చుని నలుగురు వింటుండగా నన్ను అంత మాటంటావా? నీ నోటికి అడ్డూ ఆపూ లేదా? పెళ్ళై వచ్చిన పన్నెండేళ్ళలో ఒక్క గిన్నె కిందపెట్టావా, ఒక్క గిన్నె పైనపెట్టావా? నీ మొహం మండ, మా అత్తగారు మంచం పట్టినప్పుడు ఆర్నెల్లు పుట్టింట్లో కూర్చున్నది ఎవరే?"

"సార్, 'నీ మొహం మండ' కూడా రాసుకోవాలా?"

"తప్పదు. అక్కడే గొంతు పెరిగింది. కానీ వాళ్ళకి చూపించే కాగితం కదా, 'ఉష్ణసంబంధమైన వ్యాఖ్య' అని రాయండి. ఆగకండి అమ్మగారూ, బాగా వస్తోంది."

"నీకు పట్టుచీరల పెట్టె, నాకు పాత పరుపులా? ఆ రోజు నేను నోరెత్తానా? ఎత్తితే నువ్వు ఈ ఇంట్లో నిలబడేదానివా? మేడమ్, జవాబు చెప్పండి."

"నిలబడేదాన్ని కాదక్కా."

"ఒప్పేసుకుంటే ఎలాగమ్మా? దానికి జన్మలో ఆ గుణం లేదు."

"సారీ. నిలబడేదాన్నే. ఏం చేస్తావు?"

"ఆఁ, అదీ. అచ్చం దానిలాగే అన్నారు. ఇప్పుడు మండుతోంది నాకు. ఏవీ, ఇవాళ కడిగిచ్చిన ఆ ట్యూబులు, ఇలా దగ్గరికి జరపండి."

"డాక్టర్, టైం రాసుకోండి. పావుగంటకి ఒక్క సెకను తగ్గకూడదు."


అదే గది. మూడు గంటలు. మళ్ళీ వాళ్ళిద్దరే.

"చెప్పొద్దు మేడమ్. మీ మొహమే చెప్తోంది."

"తిట్టినవీ తిట్టనివీ పక్కపక్కన పెట్టి చేశా. తిట్టినవి ఇంకాస్త బురద."

"డైరెక్టరు గారికి చెప్పారా?"

"చెప్పా. బాగా తిట్టలేదేమో అన్నారు. మళ్ళీ నవ్వొకటి. వాళ్ళని తిన్నగా ఈ గదికే తీసుకొస్తారట. ఆరు కుర్చీలు పంపిస్తున్నారు. నువ్వు వాళ్ళముందే కడగాలి, నేను వాళ్ళముందే చేయాలి. ఇది నీకు ఇమ్మన్నారు."

"ఏంటిది, తెల్లకోటా? నాకా?"

"నీకే. వాళ్ళకిచ్చే కాగితంలో నిన్ను ఉపరితల నిపుణురాలు అని రాశారు."

"అంటే పర్మనెంటా?"

"వంకాయ రంగు వస్తే."

"రాకపోతే?"

"నువ్వూ నేనూ కలిసే గేటు దాటుతాం. కోటు మాత్రం తిరిగిచ్చెయ్యాలి."

"ఇంకా గంట ఉందిగా. ఏదో ఒకటి చేద్దాం."

"ఒక్కసారి చేయడానికి నలభై నిమిషాలు పడుతుంది. అంటే ఒక్కసారికే టైముంది. ఏం మార్చి చేయను? మార్చడానికి ఇంకేం మిగిలింది? కూర్చో పిన్నీ. నీకొకటి చెప్తా, ఇంకెవరికీ చెప్పలేదు. మంగళవారం వచ్చిందే పొరపాటు. పదకొండు నెలలు రాకపోవడమే నిజం."

"అలా అనకండి."

"మూడొందల పన్నెండు సార్లు చేశా. లెక్క సరిగ్గానే వేస్తున్నా అనుకున్నా. ఇదే లెక్కతో వేరేచోట వేరేవాళ్ళకి వస్తోంది. నాకు రావట్లేదు. అంటే లెక్కలో తప్పు లేదు, మనిషిలో ఉంది. కొందరి చేతికి కొన్ని పనులు రావంతే."

"మీ చేతికేం మేడమ్, బంగారంలాంటి చెయ్యి."

"ఇదిగో, రాసేశా."

"ఏంటది?"

"రాజీనామా. వాళ్ళు వచ్చి చూసి మొహమొహాలు చూసుకోవడం, డైరెక్టరు గారు నవ్వుతూ టీ తాగమనడం, అవన్నీ నేను చూడలేను. కింద ఆఫీసులో ఇచ్చేసి వెనక గేటులోంచి వెళ్ళిపోతా. నీ గురించి కూడా ఒక ముక్క రాశాలే, నీ తప్పేం లేదని."

"చింపెయ్యండి."

"ఏంటి?"

"ఆ కాగితం చింపెయ్యండి మేడమ్. మీ లెక్కలో తప్పు లేదు, మీలోనూ లేదు."

"నీకేం తెలుసు పిన్నీ?"

"నాకు తెలుసు."

"ఊరికే ఓదార్చకు."

"ఓదార్పు కాదు. స్టోర్ రూముకీ దీనికీ మధ్య గోడ పల్చన. మీరు అప్పుడప్పుడూ అందులోకెళ్ళి తలుపేసుకుంటారు."

"వినిపించేదా?"

"వినిపించేది. ఇంకెవరూ వినకూడదని కుళాయి ఫుల్లుగా విప్పేసి కూర్చునేదాన్ని."

"నువ్వు కడుగుతున్నావనుకునేదాన్ని. పాపం పిన్ని ఎంత కష్టపడుతోందో, నేనెందుకు ఏడవడం అనుకుని లేచి మొహం కడుక్కుని వెళ్ళిపోయేదాన్ని."

"అలా అనుకునేవారా?"

"నిజం. కొన్ని రోజులు ఆ కుళాయి చప్పుడే నన్ను నిలబెట్టింది."

"అయ్యో, ఇంకా చెప్పకండమ్మా."

"ఏమైంది? నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"షాంపూ లేదమ్మా."

"ఏంటి?"

"నేను షాంపూతో కడగలేదు. ఆ పొట్లం తలస్నానానికి తెచ్చుకున్నది."

"ఇరవై పొట్లాలు కొన్నా పిన్నీ. కొట్టువాడు మీ ఇంట్లో ఎంతమంది అని అడిగాడు."

"తెలుసు. వద్దని అందామనుకున్నా, మీరు చెప్పుల్లేకుండానే పరిగెత్తారు."

"తిట్లు? అవీ అబద్ధమేనా?"

"తిట్టిన మాట నిజం. దానికీ మీ రంగుకీ ఏమీ లేదు."

"పెద్దాయన ముందు నడుమ్మీద చెయ్యి పెట్టించావు నాచేత."

"మీరు బాగా చేశారు, ఆ సంగతి వేరు."

"మరి ఎందుకు అబద్ధాలాడావు? ఒకదాని తర్వాత ఒకటి, రంగులతో సహా, ముప్పావులతో సహా?"

"మీరు అడిగేది చెప్పలేక."

"ఏం చెప్పలేక? అసలావిడ నిన్ను ఏమంది? పొద్దున్నుంచీ అదొక్కటి దాస్తున్నావు."

"నలుగురిలో అందమ్మా. సోమవారం మా ఆడపడుచు ఇంట్లో, అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు. అక్క కడిగిన కంచంలో నేను తినను, మళ్ళీ కడుక్కుని తెచ్చుకుంటా అని లేచి వెళ్ళింది. ఒక్కరూ మాట్లాడలేదు. మా ఆయన కూడా తల దించుకుని కలుపుకుంటున్నాడు."

"అంతేనా?"

"అంతేనా అంటారేంటి? నా పనే కడగడం కదా. గోడకి ప్రశంసాపత్రం తగిలించుకున్న మనిషిని. రాత్రంతా నిద్రపట్టలేదు. మంగళవారం వచ్చీ రాగానే దానికి ఫోన్ కొట్టా. దాన్ని తిడుతూ తిడుతూ, నాకా కడగడం రాదు, ఇదిగో చూడు అని, హీటరు పెట్టి వేడినీళ్ళు కాచా. సబ్బేసి, బ్రష్షు అడుగంటా దూర్చి, ఒక్కోదాన్ని గిరగిరా తిప్పి, మూడేసి నీళ్ళు పోశా. మీ ట్యూబులన్నీ. ఆ తోమడానికే రెండు పగిలాయి. చూడండి, ఈ వేలు ఇంకా మానలేదు."

"అయ్యో, కట్టు కట్టించుకోకపోయావా?"

"కట్టుదేముందిలెండి."

"అది సరే పిన్నీ. వేడినీళ్ళు, బ్రష్షు, మూడు నీళ్ళు, ఇదంతా రోజూ ఉండేదేగా. నీ వెనక గోడమీద కాగితం కూడా అంటించి ఉంది, ఒకటీ రెండూ మూడూ అని. నేనడిగేది అది కాదు. మంగళవారం కొత్తగా ఏం చేశావు?"

"అదేనమ్మా చెప్తున్నా."

"ఏం చెప్తున్నావు? నాకేం అర్థం కావట్లేదు. వాళ్ళు వచ్చేస్తారు, కిందనుంచి కుర్చీలు కూడా పైకొస్తున్నాయి, ఆ చప్పుడు వినిపిస్తోందా? ఒక్క ముక్కలో చెప్పు. రోజూ చేయనిది ఆ రోజు ఏం చేశావు?"

"పదకొండు నెలల్లో ఆ ఒక్క రోజే కడిగానమ్మా."